నలభై ఏడో చోటు

ఎండెల్ రాసిన ఉత్తరంలో కోపం లేదు.
అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

"అక్టోబరు పదకొండు, సాయంత్రం ఆరుంపావుకి మూహు దీవి పడవ.
ట్రెయిలర్లో నాలుగు తేనెటీగల పెట్టెలు, చలికి మూతలు బిగించినవి.
నా టికెట్టు మీద, డెక్కులో చోటు నలభై ఏడు.
వెనక ఎర్ర వ్యానులో పియానోలు శ్రుతి చేసే విల్మా.
ఆమె టికెట్టు మీదా నలభై ఏడే.
మీరు పదండి అన్నాను. మీరే పదండి అంది.
పెద్దవారు అంది. పని ఉన్నది మీకు అన్నాను.
పడవకి మర్యాదలు తెలియవు, వెళ్ళిపోయింది,
మా ఇద్దరి చోటునీ ఖాళీగా మోసుకుంటూ."

టాలిన్‌లో నాలుగో అంతస్తు. నవంబరు రాత్రి.
నా దగ్గర ఆరువందల పన్నెండు పరీక్షలున్నాయి.
అన్నీ పచ్చ. రోజూ పచ్చ.
ఒకదాని వెనక ఒకటి బడిపిల్లల్లా వరస కట్టి వచ్చి,
పాఠం అప్పజెప్పి పోతాయి.
ఎవరికి వారే యమునా తీరే.
ఇంతమంది బుద్ధిమంతులున్న ఇంట్లో
దొంగతనం ఎలా జరిగింది?

రైవో కోటులో చెయ్యి దూర్చుకుంటూ అన్నాడు:
"వరస తీసెయ్, ఐలీ. అందర్నీ ఒక్కసారే తోసెయ్ లోపలికి."

తోశాను.
ఎనిమిది పోగులు. ఏమీ లేదు.
పదహారు. లేదు.
అరవై నాలుగు, ఒకే గుమ్మంలో భుజాలు రాసుకుంటూ,
మిషను ఫ్యాను జ్వరమొచ్చినట్టు ఎగరోజుతూ
మూడువేల ఎనభై తొమ్మిదోసారి
ఒక ఎరుపు.
మళ్ళీ నడిపితే పచ్చ.

దీపం పట్టుకుని వెతికాను. అడుగడుగునా
"ఇక్కడున్నాను" అని చీటీ రాసి పెట్టమన్నాను.
చీటీ రాసే ఆ పిసరంత ఆలస్యానికే
తప్పు సర్దుకుని కూర్చుంది, ఏమీ ఎరగనట్టు.
దీపం తీసేశాను. చీకట్లో మళ్ళీ కదిలింది.

దొరికింది చివరికి, రెండు వాక్యాల మధ్య.
ఎన్ని చోట్లున్నాయో చూడు.
ఒకటి తగ్గించి రాయి.
మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలోనే,
రెప్ప సగం కూడా వాలనంత సందులో,
ఒకడు చూశాడు: ఒకటి ఉంది.
ఇంకొకడు చూశాడు: ఒకటి ఉంది.
ఇద్దరూ నిజమే చూశారు.
ఇద్దరూ నిజాయితీగా రాశారు, సున్నా అని.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గాని
మా ఖాతాలో చక్కగా ఇమిడాయి, కూడిక కూడా సరిపోయింది.

ఆ రెండు వాక్యాలూ రాసింది నేనే.
ఏడేళ్ళ కిందట, ఒక జూన్ సాయంత్రం,
ఈతకి పోయే తొందరలో.

తాళాలు వేశాను. డెక్కుకి ఒకటి, డబ్బుకి ఒకటి.
మళ్ళీ అరవై నాలుగు.
రాత్రి మూడుంపావుకి ఫ్యాను మోత ఆగిపోయింది.
ఎరుపు లేదు. పచ్చా లేదు.
తెర మీద ఒక్క గీత మిణుకుతూ, మిణుకుతూ.
కాఫీ చల్లారేదాకా చూశాను.
ఒక పోగు డెక్కు తాళం పట్టుకుని డబ్బు కోసం నిలబడింది.
ఇంకొకటి డబ్బు తాళం పట్టుకుని డెక్కు కోసం.

ఖాళీ ఆఫీసులో పైకే నవ్వాను.
రేవులో వాళ్ళది మర్యాద, ఇక్కడ వీళ్ళది పట్టు.
పోయిన పడవకి రెండూ ఒకటే.

ఎవరొచ్చినా ముందు డెక్కు, తర్వాతే డబ్బు అని రాశాను.
ఇంకేం లేదు, అంతే మందు.
పదివేలసార్లు నడిచింది. పదివేలూ పచ్చ.
నాకు నమ్మకం లేదు.
ఇంకో పదివేలకి పెట్టి కిటికీ తీశాను.
మంచులో మొదటి ట్రాము వెళుతోంది, లోపల ఎవరూ లేకుండా.

జవాబు మొదలుపెట్టాను:
ఎండెల్ గారూ, తప్పు మాదే, డబ్బు తిరిగి పంపుతున్నాం.
తర్వాతి వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను:
ఒక్కో పెట్టెలో అన్ని వేల ఈగలుంటాయి కదా,
వాటి గుమ్మం ఎంత వెడల్పు ఉంటుంది?